బండి మీద అక్క పేరు

ఆ ఏడు తొలకరి మొదలుకొని మాఘమాసం దాకా మా అక్క కారు ప్రతి ఉదయం స్టార్టయ్యేది, ఎక్కడికీ పోయేది కాదు.

నేను పనిచేసే పత్తి మిల్లుకు వెళ్ళే ముందు సైకిలు మీద అక్క అద్దెకున్న ఇంటికి వెళ్ళేవాణ్ణి. గేటు లోపల వేపచెట్టు కింద తెల్ల అంబాసిడరు నిలబడి ఉండేది. కూర్చుని తాళం తిప్పితే ఇంజను ఒకటి రెండుసార్లు మొరాయించి అందుకునేది. టైర్లు ఒకే చోట ఒత్తుకుని పాడవకూడదని ముందుకు ఒక జానెడు, వెనక్కి ఒక జానెడు జరిపేవాణ్ణి. మిల్లు జీపు మీద నేర్చుకున్న డ్రైవింగు నాకు ఆ జానెడుకే పనికొచ్చింది. అక్క గడపలో నిలబడి చూసేది. ఇంజను ఆపగానే లోపలికి పోయి టీ పెట్టేది. నా డైరీలో ఆ నెలల పేజీలన్నీ 'బండి స్టార్టు చేశాను, ఆపాను' అన్న మాటతోనే మొదలవుతాయి. కొన్ని పేజీల్లో దాని కింద ఇంకేమీ లేదు.

ఆ బండిని రోడ్డు మీదికి తీసుకుపోవడానికి వీల్లేదు. అమ్మడానికి వీల్లేదు. తిరిగి ఇచ్చేద్దామంటే తీసుకునేవాడు లేడు. అక్క చేతిలో ఉన్నదంతా దానిలోనే ఉంది. వచ్చే ఉగాదిలోగా అది ఆమెకు బతుకుతెరువు చూపకపోతే, విడిచిపెట్టి వచ్చిన జాలహళ్ళి ఇంటికే ఆమె మళ్ళీ పోవాలి. ఇదంతా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు గిన్నెల సంగతి చెప్పాలి.

అక్కను జాలహళ్ళి ఇచ్చారు. పిల్లలు కలగలేదు. బావ పోయిన తర్వాత కూడా ఆమె ఆ ఇంట్లోనే, మరిది సంసారంలో ఉండిపోయింది. ఇంటిల్లిపాదికీ, పొలం కూలీలకూ జొన్నరొట్టెలు కాల్చేది ఆమే. అలా కొన్నేళ్ళు గడిచాక ఒకనాడు తన భాగం తనకు పెట్టమని అడిగింది. పెద్దమనుషులు కూర్చున్నారు. పొలంలో ఆమె భాగానికి మరిది డబ్బు కట్టాడు. అందులో అన్యాయం చేశాడని నేను చెప్పలేను. సామాను దగ్గరికి వచ్చేసరికి గిన్నెలన్నీ తెచ్చి చావడిలో పరిచారు.

మా వైపు ఏ గిన్నె కొన్నా దుకాణంలోనే పేరు కొట్టించి గానీ ఇంటికి తేరు. దుకాణం అరుగు మీద ఒకాయన చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని కూర్చుని, చుక్క చుక్కగా అక్షరాలు దించుతాడు. మా నాన్న అక్క పెళ్ళికి పెట్టిన గిన్నెల మీద మర్యాద కోసం వియ్యంకుడి పేరే కొట్టించాడు. పంపకం నాడు పెద్దమనుషులు ఒక్కొక్క గిన్నె బోర్లించి పేరు చదివి, ఆ పేరున్నవాళ్ళ వైపు జరిపారు. అన్నీ ఒకే వైపు పోయాయి.

"పేరు మా నాయనది గద వదినె," అన్నాడు మరిది. కటువుగా అనలేదు. అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు అన్నాడు.

అక్క ఒక చాట, ఒక ట్రంకుపెట్టెతో బస్సెక్కింది. ఎక్కే ముందు మరిది పెద్దమనుషుల ముందరే ఇంకొక మాట అన్నాడు.

"పట్నంల ఒక్కదానివి ఏం చేస్తవ్ వదినె? ఉగాది దాకా చూడు. నడిచెనా, సంతోషం. నడవకుంటే ఇంటికి రా. నీ అర్ర నీకే ఉంటది."

అక్క సరేనంది. పెద్దమనుషులు తలలూపారు. ఆ గది వంటింటి వెనక, జొన్న సంచుల పక్కన ఉండేది. కిటికీ లేదు. దాన్ని గురించి ఆ చావడిలో ఎవరూ మాట్లాడలేదు.

రాయచూరులో అక్క మొదట కొన్నది ఒక స్టీలు చెంబు. దాని మీద తన పేరు కొట్టించి తెచ్చి నా చేతికిచ్చింది. "సదువురా," అంది. చదివాను. "మల్ల సదువు," అంది.

అప్పటికి కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు పొగగొట్టాలు లేచాయి. ప్లాంటు పనుల మీద వచ్చినవాళ్ళలో చాలామంది పట్నంలోనే కాపురం ఉండి రోజూ వెళ్ళివచ్చేవారు. వాళ్ళను తీసుకుపోయి తీసుకురావడానికి నెల బాడుగకు కార్లు కావలసి వచ్చేవి. ఆ పనులు చూసే ఒక చిన్న కాంట్రాక్టరు, యజమాని పేరు మీదే కాగితాలున్న కారైతే పెట్టుకుంటానని అక్కతో అన్నాడు. డ్రైవరు కూడా దొరికాడు. దొరకవలసింది కారు.

స్టేషను రోడ్డులో పాత బండ్ల దలాలు ఒకాయన ఉండేవాడు. వాళ్ళ నాన్న ఎద్దుల సంతల్లో దలాలీ చేసేవాడు, కొడుకు కార్లకు మారాడు. ప్లాంటులో పని ముగించుకుని పోతున్న ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర ఈ అంబాసిడరు తీసుకున్నానని చెప్పాడు.

"కంపెనీ బండి అక్కా. సాహెబులు తిరిగిన బండి. ఇంజను సప్పుడు ఇను, పసిపిల్ల నిద్రపోయినట్లున్నది."

"పసిపిల్లలు లేస్తే ఏడుస్తరు," అంది అక్క. "లేపి సూపియ్యి."

మాతో వచ్చిన డ్రైవరు బండిని గంజ్ మార్కెట్టు దాకా తోలుకొచ్చి బాగుందన్నాడు. కాగితాలు చూడటం నా వంతు. పాత కాంట్రాక్టరు సంతకాలు పెట్టిన ఫారాలు సిద్ధంగా ఉన్నాయి. బండికి కొట్టిన ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి దిగుతాయి. ఆ చీటీ కూడా ఫారానికి అంటించే ఉంది. దలాలు ఫారాన్నీ ఆర్‌సీ బుక్కునూ పక్కపక్కన పెట్టాడు. అంకె అంకెకు వేలు పెట్టి చదివాను. అన్నీ కలిశాయి. ఊళ్ళో అందరూ అలాగే చూసేవారు. బానెట్ ఎత్తి అసలు నంబరు చూసేవాళ్ళు లేరు. చూసినా కనిపించేది కాదు, దాని మీద నల్లరంగు మందంగా పట్టి ఉంది. దలాలు తన చేత్తో అప్పగింత చీటీ రాసి, తేదీ, గంట వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ గంట తర్వాత బండి ఎవరినైనా గుద్దితే తన జిమ్మేదారి లేదని తేలడానికి వాళ్ళు అది రాస్తారు.

అక్క అక్కడి నుంచి ఇంటికి పోనివ్వలేదు. గిన్నెల బజారుకు పోనిమ్మంది. పేర్లు కొట్టే ఆయన ఉలి పట్టుకుని బయటికి వచ్చాడు.

"బండికా?"

"ఏం, ఇనుము గాదా?"

"ఇనుమే. గిన్నెనైతే ఒళ్ళె పెట్టుకుంట. దీన్ని యాడ పెట్టుకోవాలె?"

"నువ్వే దాని ఒళ్ళె కూసో," అంది అక్క. "కంపెనీవాడు తన నంబరు యాడ కొట్టుకున్నడో ఆడనే కొట్టు. రంగు ఏసినా పోవద్దు, ఎవరూ మాది అనొద్దు."

ఆయన బానెట్ ఎత్తించి, నల్లరంగు గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. కంపెనీ అంకెలు బయటపడ్డాయి. వాటి పక్కనే చుక్క చుక్కగా అక్క పేరు దిగింది. కాగితాలు అప్పటికే కలిశాయి కాబట్టి ఆ అంకెలు చదవాలని మా ఎవరికీ తోచలేదు. అక్క పేరు మీద వేలు పెట్టి ఇనుప పొట్టు ఊదేసింది.

బండిని అక్క పేరుకు మార్పించుకోవడానికి రవాణా ఆఫీసుకు వెళ్ళినప్పుడు, బానెట్ ఎత్తి చూసిన మొదటి మనిషి అక్కడి ఇన్‌స్పెక్టరు. బుక్కు ఒక చేత, టార్చి ఒక చేత పట్టుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచి కన్నడంలో, "ఇదు యారు మాడిద్దు?" అని అడిగాడు, ఎవరు చేశారిది అని. కొత్తగా గీకిన ఇనుము మెరుస్తూ ఉంది. బుక్కులో ఉన్న నంబరు అక్కడ లేదు. ఉన్న నంబరు పక్కనే తాజాగా కొట్టిన అక్షరాలున్నాయి.

"దొంగబండి నంబరు గీకించి కొత్తది కొట్టించారా? బండి ఇక్కడే పెట్టండి. పోలీసులకు రాస్తాను," అన్నాడు.

అక్క కారు వెనక సీటులో ఉన్న చెంబు తీసుకుని వచ్చింది. దారిలో తాగడానికి నీళ్ళు తెచ్చుకుంది. ఆ నీళ్ళు అక్కడే పారబోసి, చెంబును బానెట్ కింద తన పేరు పక్కన పెట్టి పట్టుకుంది. ఆమె కన్నడం నాకంటే బాగుంటుంది.

"సార్, ఈ చేతిపని చూడండి, ఆ చేతిపని చూడండి. రెండూ ఒకాయన కొట్టినవే. ఆయనకు చుక్కలు పెట్టడమే వచ్చు. మీ నంబరులో చుక్కలున్నాయా?"

ఇన్‌స్పెక్టరు చెంబు మీద టార్చి వేశాడు. తర్వాత అంకెల మీద వేశాడు. అంకెలు ఒక్క దెబ్బకు అచ్చు దిగినట్టు లోతుగా, నున్నగా ఉన్నాయి. ఆయన లోపలికి పోయి పెద్ద రిజిస్టరు తిరగేశాడు. మళ్ళీ వచ్చేటప్పటికి ఆయన గొంతు మెత్తబడింది, కానీ చెప్పిన మాట ముందటి కంటే బరువైంది.

బండి దొంగది కాదు. నంబరు కంపెనీదే. తప్పు బుక్కుది. ఆ పెద్ద కాంట్రాక్టరుకు ఒకే రంగువి, ఒకేసారి కొన్నవి రెండు అంబాసిడర్లు ఉండేవి. రెంటినీ పెయింటింగుకు ఇచ్చినప్పుడు నంబరు ప్లేట్లు ఊడదీసి, తిరిగి బిగించేటప్పుడు దీనివి దానికీ దానివి దీనికీ బిగించి ఉంటారని ఆయన అనుకున్నాడు. ప్లేటును బట్టి బుక్కు వచ్చింది. పెన్సిలు చీటీ పెయింటింగుకు ముందే రుద్దిపెట్టుకున్నది. అందుకే చీటీ, బుక్కు కలిశాయి. బండి ఒక్కటే కలవలేదు.

"రెండు బండ్లూ, వాటి యజమానీ నా ముందుకు వస్తే సరిచేస్తాను. అంతవరకు ఇది నేరుగా ఇంటికి పోవాలి. మళ్ళీ రోడ్డు మీద కనిపిస్తే పట్టుకుంటాను," అన్నాడు.

రెండో బండితో సహా ఆ కాంట్రాక్టరు ఒరిస్సా వైపు ఇంకో పని మీద వెళ్ళిపోయాడని దలాలు చెప్పాడు. ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

"నేను నడిమిట్లోన్ని అన్నా," అన్నాడు దలాలు నాతో. "ఇచ్చేటోడు ఇచ్చిండు, తీసుకునేటోల్లు తీసుకున్నరు. బండి నడుస్తున్నదా లేదా? రోడ్డు మీద టైరు తిరుగుతది గానీ కాగితం తిరుగుతదా?"

"టైరు గూడ తిరుగుతలేదు," అంది అక్క.

అప్పటి నుంచి మొదలయింది నేను చెప్పిన ఆ జానెడు ప్రయాణం. బాడుగకు పెట్టుకుంటానన్న కాంట్రాక్టరు కొంతకాలం చూసి ఇంకో కారు మాట్లాడుకున్నాడు. డ్రైవరు ఆ కారుకే కుదిరాడు. వేపాకు రాలి బానెట్ మీద పరుచుకునేది. ఇంటి యజమానురాలు గేటు లోపల తన గేదె తిరగడానికి చోటు లేదని గొణిగేది. సాయంత్రం డాబా మీదికి ఎక్కితే దూరాన ప్లాంటు గొట్టాల మీద ఎర్రదీపాలు కనిపించేవి. ఆ వీధిలో మాత్రం కరెంటు పోయి ఉండేది. అక్క కారు తలుపు తీసి, వెనక సీటులో కూర్చుని బియ్యం ఏరుకునేది. ఇంట్లో కంటే అక్కడే గాలి ఆడుతుందని అనేది. నేను అటు పోయినప్పుడల్లా ఆమెను ఆ అద్దాల వెనక చూడటానికి మనసొప్పేది కాదు.

కార్తీకంలో మరిది వచ్చాడు, ఒక సంచి జొన్నలు మోసుకుని. కారు చుట్టూ తిరిగి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

"బండి బాగున్నది వదినె. ఉగాదికి దీంట్ల వస్తవా, బస్సుల వస్తవా?"

"నువ్వు తొయ్యనీకి వస్తవా?" అంది అక్క. ఇద్దరూ నవ్వారు. ఆయన పోయిన తర్వాత ఆమె ఆ జొన్నల సంచిని విప్పకుండానే మూలకు జరిపింది.

కొన్నాళ్ళకు దలాలే ఒక ఉపాయం తెచ్చాడు. అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. "రెండు గంటల పని అక్కా. ఆ నంబరు గీకేసి, బుక్కుల ఉన్న నంబరు కొట్టిస్త. నా మనిషి కొడితే కంపెనీవాడు గూడ గుర్తువట్టడు. ఇన్‌స్పెక్టరు బదిలీ అయినంక కొత్తాయనకు సూపిస్తం. ఉగాదికల్లా బండి ప్లాంటు కాడ ఉంటది."

అక్క వెంటనే కాదనలేదు. ఆయన వెళ్ళాక నా వైపు చూసి, "ఏమంటవ్?" అంది.

"వకీలు దగ్గరికి పోదాం. ఆయన కూడా సరే అంటే కొట్టిద్దాం," అన్నాను. ఏ వకీలూ సరే అనడని నాకు తెలుసు. కానీ నా నోటితో వద్దంటే ఉగాదికి ఏం చేద్దామని అడుగుతుంది. నా ఇంట్లో ఉండమని అంతకుముందే అన్నాను. తమ్ముడి ఇంట్లో కూడా గిన్నెల మీద తమ్ముడి పేరే ఉంటుందని అంది.

వకీలు సిరవార దగ్గరి కాలువ కింద క్యాంపు మనిషి. వాళ్ళ తాతలు వరి సాగుకని కోస్తా నుంచి వచ్చారు. ఆయన మాట ఇంకా అటువైపుదే. అంతా విని, ముందు నంబరు సంగతి ఎత్తుకున్నాడు.

"ఆ పని చేశారంటే మళ్ళీ నా గుమ్మం ఎక్కకండమ్మా. ఇవాళ మీరు మోసపోయినవాళ్ళు. అది కొట్టించిన మరుక్షణం మోసం చేసినవాళ్ళవుతారు. మీ హక్కంతా ఆ దలాలుకు రాసిచ్చినట్టే."

"నాకు హక్కు ఏమున్నది సార్?"

"ఎందుకు లేదండీ? అమ్మేవాడికి అమ్మే హక్కుండాలి. ఫలానా బండి అని చెప్పి అమ్మితే ఆ బండే ఇవ్వాలి. ఈ రెండూ కాగితం మీద రాసుకోకపోయినా రాసుకున్నట్టే లెక్క. బుక్కులో ఉన్న బండి ఒకటి, మీ వాకిట్లో ఉన్నది ఇంకోటి. నాకొద్దు, నా డబ్బు నాకివ్వు అనొచ్చు మీరు."

"ఆయన నడిమిట్లోన్ని అంటుండు."

"కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు, ఫారాలు ఖాళీగా సంతకం పెట్టించుకుని ఉంచుకున్నాడు, డబ్బు తను పుచ్చుకున్నాడు, అప్పగింత చీటీ తన చేత్తో రాశాడు. ఇంక నడిమి మనిషి ఎలా అవుతాడండీ? అమ్మినవాడే."

"మరి ఇన్ని నెలలు అది నా ఇంట్ల ఎందుకు పడున్నది?"

"మీరు వద్దని చెప్పలేదు గనక."

"రోజూ చెప్తున్న."

"నోటితో కాదమ్మా, రాసి చెప్పాలి. మీరు బండిని తోలుకెళ్ళి అప్పజెప్పనక్కర్లేదు కూడా. వద్దని తెలియజేస్తే చాలు, తీసుకుపోవడం ఆయన పని."

అక్క నా వైపు చూసింది. అన్ని నెలల్లో ఆమె ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు. వకీలు నోటీసు రాసే ముందు బండిని ఒకసారి కళ్ళతో చూస్తానని మాతో వచ్చాడు. బానెట్ ఎత్తాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇదెవరి పేరు?"

"నాదే."

"ఎప్పుడు కొట్టించారు?"

"కొన్ననాడే."

ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. అక్క ఆ చెంబుతోనే ఇచ్చింది. ఆయన చెంబు మీది పేరు కూడా చూశాడు.

"చిక్కేమిటంటే అమ్మా," అన్నాడు, "కొన్నవాడు సరుకును తనది చేసుకున్నట్టు ఏదైనా పని చేస్తే, ఒప్పుకున్నట్టే అంటుంది చట్టం. తర్వాత వద్దనడానికి ఉండదు, నష్టం మాత్రమే అడగాలి. అవతలి వకీలు ఈ బానెట్ ఎత్తితే చాలు. పేరు కొట్టించుకున్న మనిషి ఒప్పుకోలేదంటే ఎవరు నమ్ముతారు అంటాడు."

"గీకేస్తే?"

"ముట్టుకోకండి. ఆ నంబరు పక్కన ఆకురాయి పెట్టారంటే ఆ ఇన్‌స్పెక్టరే మీ మీద కేసు రాస్తాడు."

అక్క కాసేపు బానెట్ కిందికి చూస్తూ నిలబడింది.

"పేరు లేకుంటే గిన్నెలు పోయె," అంది. "పేరుంటే బండి మెడకు తగులుకునె. పేరుతోని నేనేం జెయ్యాలె సార్?"

వకీలు చెంబు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కాంట్రాక్టరు దలాలుకు రాసిచ్చింది బుక్కులో ఉన్న బండిని గానీ దీన్ని కాదన్నాడు. అమ్మే హక్కే లేని వస్తువును కొన్నవాడు ఒప్పుకోవడం ఏముంటుంది, ఒప్పుకోవడానికి అక్కడ అమ్మకమే లేదు కదా అని తాను వాదిస్తానన్నాడు. అలా తీర్పులు కూడా ఉన్నాయన్నాడు. గెలుస్తామన్నాడు.

"ఉగాదికా?"

"ఏ ఉగాదికో చెప్పలేనండీ."

నోటీసు పోయింది. దలాలు వకీలు నుంచి జవాబు రిజిస్టరు పోస్టులో వచ్చింది. మా వకీలు చెప్పిన మాటే అందులో ఉంది. కొన్న దినమే పేరు చెక్కించుకుని సొంతం చేసుకున్నారు గనక, ఇప్పుడు వద్దనే అధికారం లేదని. నేను చదివి వినిపించాను. పుష్యమాసపు చలిలో అక్క శాలువా కప్పుకుని కారు వెనక సీటులోనే కూర్చుని విన్నది. ఆ రోజు నేను ఇంజను స్టార్టు చేయబోతే వద్దంది.

"యాడికి పోనీకి?" అంది.

తర్వాత చాలా రోజులు మళ్ళీ ఆ జానెడు ప్రయాణమే సాగింది. ఒక ఉదయం మాత్రం నేను వెళ్ళేసరికి బయలుదేరి సిద్ధంగా ఉంది. వకీలు దగ్గరికి పోదామంది. అక్కడ కూర్చోలేదు కూడా.

"బండి నేను తోలుకపోయి ఇయ్యనక్కర లేదంటిరి సార్. ఇయ్యకూడదని ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"ఇంజను మీద రోడ్డెక్కకూడదు. గుంజుకపోతే?"

వకీలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కలం కింద పెట్టి నవ్వాడు. నంబరు ప్లేట్ల మీద గుడ్డ కట్టమన్నాడు. దారికి అడ్డం నిలపొద్దన్నాడు. చట్టంలో అంతకంటే తనకు తోచేది లేదన్నాడు.

పత్తి వచ్చే కాలం. మా మిల్లుకు కల్లూరు నుంచి ఎద్దుబండ్లు వచ్చేవి. సరుకు దించిన తర్వాత ఒకాయన తన ఎద్దులను అరపూట ఇస్తానన్నాడు. మోకు అంబాసిడరు ముందు కట్టాం. నేను లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. అక్క ఎద్దుల పక్కన, చాట చంకలో పెట్టుకుని నడిచింది. నెలల తరబడి జానెడు దాటని బండి గేటు దాటింది. గిన్నెల బజారులో, కిరాణా వీధిలో, స్టేషను రోడ్డు పొడుగునా జనం ఆగి చూశారు.

"ఏందక్కా, పెట్రోలు అయిపాయెనా?"

"పెట్రోలు ఉన్నది. బండే వేరేటోల్లది."

అడిగిన ప్రతివాళ్ళకూ అదే మాట చెప్పింది. గొంతు పెంచలేదు. నేను స్టీరింగు వెనక తల దించుకుని కూర్చున్నాను. మిల్లు యజమాని కారు ఎదురొచ్చి మాకు దారి ఇచ్చింది.

దలాలు అంగడి ముందు, దారికి అడ్డం రాకుండా, గోడ వారన కారు నిలిపాం. ఎద్దులు వెళ్ళిపోయాయి. అక్క వెనక తలుపు తీసి కూర్చుని చాటలో బియ్యం పోసుకుంది. మరునాడూ వచ్చి కూర్చుంది. ఆ మరునాడూ. ఆమె ఎవరినీ తిట్టలేదు. బండి కొనడానికి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే, జరిగింది చెప్పేది. చివర, "మీరు మటుకు బానెట్ ఎత్తి సూడుండ్రి," అనేది. వాళ్ళు బుక్కు చేత పట్టుకుని దలాలు దగ్గరున్న బండ్లన్నిటి బానెట్లూ ఎత్తేవారు. రంగు గీకమనేవారు. చిన్న గుడ్డ, కిరసనాయిలు అడిగేవారు. రంగు గీకిన బండిని ఇంకొకడు చూసి ఎందుకు గీకారని అడిగేవాడు.

దలాలు బయటికి వచ్చాడు.

"అక్కా, ఎండల ఎందుకు? లోపటికి రా, చాయ్ తాగుదాం."

"ఈడ్నే బాగున్నది. కంపెనీ బండి గద."

"గిట్ల కూసుంటే నా దుకాణం నడిచేదెట్ల?"

"బండి నడుస్తున్నదా లేదా అని నన్నడిగితివి. నీ దుకాణం సంగతి నువ్వే సూసుకో."

మాఘం ముగిసే ముందు ఆయన తన వకీలును వెంటబెట్టుకుని మా వకీలు దగ్గరికి వచ్చాడు. నేనూ అక్కా పక్కనే ఉన్నాం. రాజీ మాటలు ఇలా సాగాయి: బండి ఎక్కడున్నదో అక్కడే దలాలు స్వాధీనం చేసుకోవాలి. సొమ్ము రెండు విడతలుగా ఇవ్వాలి. ఇన్ని నెలలు నిలిచినందుకు కొంత కోత పడాలని ఆయన పట్టుబట్టాడు. వకీలు ఒప్పుకోవద్దన్నాడు. అక్క ఒప్పుకుంది. కోర్టుకు పోతే మొత్తం రావచ్చు, కానీ అది ఉగాది తర్వాత ఎన్నేళ్ళకో. చివర దలాలు, బానెట్ కింద ఆ పేరు తీయించి ఇవ్వాలన్నాడు.

"నీ పేరు పెట్టుకోని నేనెట్ల అమ్మాలె అక్కా?"

"నేనెట్ల పెట్టుకోని ఉంటినో అట్లనే," అంది.

ఇన్‌స్పెక్టరు ముందు తప్ప ఆ పేరునుగానీ నంబరునుగానీ ఎవరూ ముట్టుకోరాదని వకీలు రాసి ఇద్దరి చేతా దస్తఖతు చేయించాడు. తర్వాత ఆ బండి ఏమైందో నాకు తెలియదు. చాలాకాలం ఆ గోడ వారనే ఉండేది. అక్క అటు పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేది.

చేతికి వచ్చిన దానితో ఇంకో కారు రాదు. ప్లాంటులో పనిచేసే కుర్రవాళ్ళు చాలామంది వీధి చివరి ఇళ్ళల్లో గదులు తీసుకుని ఉండేవారు, హోటలు అన్నం పడక ఇబ్బంది పడేవారు. వాళ్ళలో ఇద్దరు అక్క చేతి జొన్నరొట్టె తిని ఉన్నారు. ఆమె గిన్నెల బజారుకు పోయి, ఒకేసారి నాలుగు రొట్టెలు పట్టే ఇనుప పెనం కొంది. అరుగు మీది ఉలి ఆయన లేచి వచ్చాడు. అక్క పెనం నెత్తిన పెట్టుకుని వచ్చేసింది.

ఉగాది నాడు పొద్దున్నే మరిది వచ్చాడు. ఆ వేళకు గదంతా పొగ, జొన్నపిండి వాసన. గుమ్మంలో టిఫిను డబ్బాలు వరసగా ఉన్నాయి. అక్క పొయ్యి ముందు నుంచి లేవకుండానే పీట చూపించింది. ఆయన కూర్చుని, వేపపువ్వు పచ్చడి తిని, రెండు రొట్టెలు తిన్నాడు. బయలుదేరమని ఒక్కసారి కూడా అనలేదు. పని అయ్యాక కడిగి ఆరబెట్టిన పెనాన్ని మాత్రం తిప్పి చూశాడు.

"పేరు లేదేంది వదినె దీని మీద?"

"ఇంక కొట్టియ్యలే. ఒక నెల కాలనియ్యి. పగలకుంటే, రొట్టె అంటకుంటే, అప్పుడు సూస్త."

మధ్యాహ్నం బస్సుకు నేను ఆయన్ని బస్టాండు దాకా సాగనంపాను. కార్తీకంలో జొన్నలు తెచ్చిన సంచిని అక్క ఉతికి తిరిగి ఇచ్చింది. దాన్ని మడిచి చంకలో పెట్టుకుని ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది.